హస్తవాసి

మన యిండ్లలో నొక తీగ కలదు. అది సాధారణముగా పూయదు, కాయదు, నీడ నీయదు, కూరకు రాదు, పూజకును రాదు. అయినను పట్టణములయందు అది లేని యిల్లు అరుదు. అలమరపై గాజుసీసాలో నొకచోట, వసారా స్తంభమును చుట్టుకొని యొకచోట, మూడవ అంతస్తు కిటికీ కమ్మీల నంటిపెట్టుకొని యొకచోట, పచ్చని యాకుపై పసుపు చారలతోనో తెల్లని మచ్చలతోనో అది మనకు కనబడుచునే యుండును. దానికి ప్రజలు మనీప్లాంటని పేరు పెట్టిరి. పేరులోనే ధనముండుటచేత కాబోలు, దానిచుట్టు కొన్ని నమ్మకములును అల్లుకొనినవి. వానిలో రెండింటిని గూర్చియు, ఆ తీగ కొమ్మనుండి కొమ్మగా వృద్ధిపొందు తీరును గూర్చియు ఇచట ముచ్చటింప దలచితిమి. విషయ మల్పముగా దోచవచ్చును. కాని అల్ప విషయములయందే గృహముల ధర్మాధర్మములు దాగియుండునని మా యభిప్రాయము.

మొదటి నమ్మక మిది: మనీప్లాంటును అడిగి తెచ్చుకొనరాదు, కొనరాదు, ఎవరి యింటనుండియో వారెరుగకుండ త్రుంచి తెచ్చి నాటవలయును. అట్లు తెచ్చినదే కలిసివచ్చునట. అడిగిన నిచ్చుటకును కొందరు వెనుకాడుదురు. కొమ్మతోకూడ తమ యింటి లక్ష్మియు తరలిపోవునేమో యని వారి భయము. ఇందువలన నొక విచిత్రమైన స్థితి యేర్పడినది. పొరుగింటి గుమ్మమున పడియున్న సూదినైన ముట్టనివారు, పదిమందిలో పెద్దమనుష్యులని పేరు పొందినవారు, పేరంటమునకు వెళ్లి వచ్చుచు కొంగుచాటున నొక తీగను త్రుంచి తెచ్చుటకు సంకోచింపరు. వెంటనున్న పిల్లవాడు అది చూచును. పరుల సొమ్ము ముట్టరాదని మేము బడిలో నల్లబల్లమీద వ్రాసి చదివింపగా, ధనము కొరకైన చిన్న దొంగతనము తప్పుకాదని వాడు సాయంకాలము ఇంట నేర్చుకొనును. ఈ రెండు పాఠములలో నేది వానికి చిరకాలము జ్ఞప్తియందుండునో చదువరులే యోచింతురుగాక.

దొంగకొమ్మ కలిసివచ్చునని లోకులెందులకు నమ్మిరి? కారణము కష్టమైనది కాదు. తెచ్చిన కొమ్మలలో బ్రతికినదానినిగూర్చి పదిమందికి చెప్పుకొందురు. చచ్చినదానినిగూర్చి ఎవరును చెప్పుకొనరు. దొంగిలించిన వస్తువు నశించినచో ఎవరితో మొరపెట్టుకొనవలయును? కావున బ్రతికిన కథలే లోకమున మిగులును. నమ్మకములు పెరుగు విధ మిది. అవియు తీగలవంటివే, మనము నీరు పోసినవే ప్రాకును.

ఇక ఆ తీగ చరిత్ర నెరిగినచో ఈ నమ్మక మెంత విపరీతమో తేటపడును. దాని పుట్టినిల్లు పసిఫిక్ మహాసముద్రమున తాహితికి ప్రక్కనున్న మోరియా యను చిన్న ద్వీపము. 1880లో ఐరోపా ఉద్యానవేత్తలు దానిని పోథాస్ అను ప్రజాతిలో చేర్చి వర్ణించిరి. మొక్కల బంధుత్వమును నిర్ణయించుటకు పూవే ముఖ్యమైన యాధారము. ఈ తీగయో పూయదు. అందుచే దాని పేరు పలుమారులు మారినది. పూచిన మొక్కను పరిశీలింప నవకాశము కలిగిన పిమ్మట, 1964లో దానిని ఎపిప్రెమ్నమ్ అను ప్రజాతిలో చేర్చిరి. అది యెందులకు పూయదో 2016లో వెలువడిన యొక పరిశోధనము తెలిపినది. మొక్కల పెరుగుదలకును పూతకును తోడ్పడు జిబ్బరెల్లిన్ అను పదార్థమును ఈ తీగ తనంతట తాను చాలినంతగా తయారుచేసికొనలేదు. దానిని పైనుండి యిచ్చినచో పూచును. చూడుడు! పూవు లేదు గనుక విత్తనము లేదు. విత్తనము లేదు గనుక గాలియు పక్షియు దానిని దేశాంతరమునకు మోసికొనిపోజాలవు. మోరియా ద్వీపపు తీగ మన వసారాకు వచ్చినదన్న, నడుమ నెందరో మనుష్యుల చేతులు దానిని కోసి, నాటి, మరియొకరి చేతికి అందించియుండవలయును. అనగా ఇచ్చిపుచ్చుకొనుటయే దాని వంశము. దాతలు లేకున్న మన యిండ్లలో ఆ తీగయే లేదు. అట్టిదానిని దొంగిలించిననే వృద్ధి యనుట, అన్నసత్రమున కూర్చుండి దానము నిందించుటవంటిది కాదా?

రెండవ నమ్మకము ఇంతకన్న సూక్ష్మమైనది, ఇంతకన్న క్రూరమైనదియు. దానికి హస్తవాసి యని పేరు. వైద్యుని కొకనికి హస్తవాసి మంచిదందురు. విత్తనము చల్లువాని కొకనికి మంచిదందురు. ఆ మాట ప్రశంసగా నున్నంతవరకు దానివలన హాని లేదు. కాని ప్రతి ప్రశంసకును ఒక నీడ యుండును. కొందరి చేయి మంచిదైనప్పుడు, కొందరి చేయి మంచిది కాకుండవలెను గదా! ఆ కొందరెవరు? పెరటిలో మొక్క చచ్చినప్పుడు యజమాని చేతిని ఎవరును చూడరు. క్రొత్తగా వచ్చిన కోడలి చేతిని చూతురు; భర్తను కోల్పోయిన యాడుబిడ్డ చేతిని చూతురు; పనిమనిషి చేతిని చూతురు.

మాకు పరిచయమైన యొక గృహమున జరిగినది చెప్పెదము. ఆ యింటి పెద్ద మా స్నేహితుడు. కోడలు పట్టపరీక్ష యందు ఉత్తీర్ణురాలై, వివాహమై మూడేండ్లుగా ఆ యింట నున్నది, మితభాషిణి. అత్తగారు చెడ్డమనిషి కాదు. ఇల్లు తీర్చి దిద్దుకొనుటయందు మిక్కిలి ప్రీతి గలది. ఆమె తాను వెళ్లిన పేరంటములనుండి చారల మనీప్లాంటు కొమ్మలను, లోకాచారము ననుసరించి, అడుగకయే తెచ్చి కోడలి చేతి కిచ్చి నాటుమనెడిది. ఒకసారి కుళ్లినవి, మరియొకసారి కుళ్లినవి, మూడవసారియు అంతే. అంతట దీని చేయి మంచిది కాదనిరి. మొదట నవ్వులకే అనిరి. తరువాత తులసికోటకు నీరు పోయవలదనిరి. ఊరగాయ జాడీని ముట్టవలదనిరి. ఆ దంపతులకు అప్పటికి సంతానము కలుగలేదు. నాటినదేదియు మొలకెత్తని చేయి యన్న మాట ఆ యింట క్రమక్రమముగా వేరొక యర్థమునకు జారినది. ఆ యర్థమును ఎవరును పైకి చెప్పలేదు, అందరికిని తెలిసినది.

ఒకనాడు మేమచటికి వెళ్లినప్పుడు ఆ యిల్లాలు కాఫీ గ్లాసులు మా ముందుంచుచు, "మాస్టారూ, మీరు చదువుకున్నవారు, నవ్వుతారేమో గాని, మా కోడలి చేతిలో ఏదీ పచ్చగా నిలవదండీ" అనెను. కోడలు లోపలి గుమ్మమున నిలిచి వినుచునే యుండెను. మేము సీసాలను చూపుమని కోరితిమి. మూడు సీసాలు. రెండింటిలో ఆకులు తొడిమెలతో నున్నవి. కాండమన్న మాటయే లేదు. మూడవదానిలో నించుకంత కాండము కలదు గాని, ఆకు నఖశిఖపర్యంతము తెల్లనిది. ఒక్క పచ్చని చుక్కయైన లేదు. వీనిని ఎవరు ఏరి తెచ్చిరని యడుగగా ఆ యిల్లాలు, "నేనే తెచ్చాను మాస్టారూ, అన్నిటిలోకీ తెల్లగా ఉన్నవి చూసి తుంచాను" అనెను. మేము కోడలివైపు తిరిగి, "ఏమమ్మాయీ, ఇవి యెందులకు బ్రతుకలేదో చెప్పగలవా?" అని యడిగితిమి. ఆమె కొంచెము తడవు తలవంచుకొని, మెల్లగా, "వీటికి కణుపు లేదు కదండీ" అనెను.

చదువరులారా! ఆ మాట చెప్పవలెనని మేము సిద్ధపడుచుంటిమి, ఆమెయే చెప్పినది. ఆమెకు తెలియక కాదు. చెప్పుటకు చోటు లేక మూడేండ్లు మౌనముగా నుండెను. చదువు నిచ్చి, చదివినది పలుకు నధికారము నీయకున్న, ఆ చదువు కణుపు లేని కొమ్మవంటిది.

ఇక ఆ కణుపు మాట. కాండముపై ఆకు పుట్టుచోట నుబ్బుగానుండు ముడికి కణుపని పేరు. ఆకు తొడిమెకును కాండమునకును నడుమ, ఆ మూలయందు, కంటికి కనబడియు కనబడని చిన్న మొగ్గ యుండును. తల్లితీగ కొన పెరుగుచున్నంతకాలము ఆ మొగ్గ సాధారణముగా నిద్రించుచుండును. కొమ్మను కోసి వేరుచేసినచో అది మేల్కొనును. మనీప్లాంటు కణుపువద్ద గోధుమరంగున నొక చిన్న బుడిపెయు కనబడును, అది గాలివేరు, నీరు తగిలినంతనే సాగును. కొననుండియు లేతయాకులనుండియు ఆక్సిన్ అను పదార్థము కాండమువెంట క్రిందికి దిగి, కోసినచోట చేరి, అచట క్రొత్తవేళ్లను పుట్టించును. ఫ్రిట్స్ వెంట్ అను డచ్చి శాస్త్రజ్ఞుడు 1926–28 సంవత్సరములలో ఓటు మొలకలపై చేసిన ప్రయోగములచే ఈ పదార్థపు ఉనికి స్థిరపడినది. ఈ ప్రవాహము పైనుండి క్రిందికే గనుక కొమ్మను తలక్రిందులుగా నాటరాదు. కణుపు లేని యాకును నీటియందుంచినచో నొక్కొక్కప్పుడు వేళ్లు పుట్టును. నెలలతరబడి పచ్చగానే యుండును. కాని చిగురు పుట్టదు. చిగురునకు మొగ్గ కావలయును. మొగ్గ కణుపున నుండును. ఇందు చేతి మంచిచెడ్డలకు తావెక్కడ?

ఇది పాశ్చాత్యులు క్రొత్తగా కనిపెట్టిన రహస్యమును గాదు. గరిక ప్రతి కణుపునను వేరూని ప్రాకునని వేదకాలపువారు చూచి మంత్రమున చెప్పిరి. విత్తనమునుండి మొలచునవి, కాండమునుండి మొలచునవి యని మనుస్మృతి మొక్కలను విభజించినది. 6వ శతాబ్దమున వరాహమిహిరుడు బృహత్సంహితలోని వృక్షాయుర్వేదాధ్యాయమున, కాండముచే నాటదగిన చెట్లను పేర్కొని, నాటునప్పుడు పేడ పూయవలయునని విధించెను. మన పల్లెలలో చెరకురైతు కన్నులు లెక్కించియే ముచ్చెలను కోయును. తమలపాకుతోట రైతు కణుపు చూచియే తీగను నాటును. వారిలో నెవరును తమ చేతి జాతకమును చూపించుకొని నాటరు. పొలమున జ్ఞానముగా నున్నది మన వసారాలోనికి వచ్చుసరికి మూఢత్వ మెట్లయ్యెను?

కణుపు సంగతి ఇట్లుండగా, తెల్లని యాకు సంగతి వేరు. ఆకు పచ్చనగుటకు కారణము పత్రహరితము. సూర్యరశ్మిని గ్రహించి, గాలిలోని బొగ్గుపులుసు వాయువును నీటిని చేర్చి, చక్కెరగా మార్చునది అదియే. చారల యాకులో తెల్లనిభాగమున అది లేదు. కావున తెలుపు తాను వండుకొనలేదు. ప్రక్కనున్న పచ్చభాగము వండి పెట్టినదానిని తిని బ్రతుకును. సగము తెలుపు, సగము పచ్చ యైన యాకు అందముగా నుండును. కాని ఆ యందమునకు కావలసిన వంట అంతయు ఆ సగము పచ్చయే చేయవలయును. అందుచేతనే చారల మొక్కలు తమ జాతిలోని పచ్చని మొక్కలకన్న మెల్లగా పెరుగును. సంపూర్ణముగా తెల్లనైన కొమ్మను తల్లితీగనుండి విడదీసితిరా, దానికి అన్నము పెట్టువారు లేరు. కాండమున నిలువయున్న నాలుగు దినముల గ్రాసము తీరినంతనే అది వాడిపోవును. ఆ యింటి మూడవ సీసాలో జరిగిన దిదియే.

కార్ల్ కోరెన్స్ అను జర్మను శాస్త్రజ్ఞుడు 1909లో ప్రకటించిన పరిశోధన మొకటి ఇచట స్మరింపదగినది. ఆయన పరిశీలించిన మొక్క మనకు పరాయిది కాదు. సాయంకాలము మన పెరళ్లలో విచ్చుకొను చంద్రకాంత. చారల చంద్రకాంతలో నొక కొమ్మ పూర్తిగ పచ్చగను, ఒకటి పూర్తిగ తెల్లగను, ఒకటి చారలతోను ఉండుట కలదు. తెల్లకొమ్మపై పూచిన పూవునకు ఏ కొమ్మ పుప్పొడి తగిలించినను, దాని విత్తులనుండి తెల్లని మొలకలే వచ్చినవి. అవి ఆహారము లేక కొలదికాలముననే చచ్చినవి. పచ్చకొమ్మ విత్తులనుండి పచ్చనివే వచ్చినవి. చారలకొమ్మ విత్తులనుండి మూడు విధములును వచ్చినవి. విత్తొకటి వేసిన చెట్టొకటి మొలచునా యని మన సామెత. చారల మొక్కలయందు మాత్రము మొలచును! కావుననే చారలను నిలుపుకొనదలచినవారు సామాన్యముగా విత్తనమును నమ్మరు; కొమ్మను నమ్ముదురు.

కొమ్మయందును మెలకువ కావలయును. ఎర్విన్ బౌర్ అను మరియొక శాస్త్రజ్ఞుడు అదే 1909లో తెల్లయంచు జెరేనియమును పరిశీలించి, దాని కాండపు కొనలో తెల్లకణముల పొర యొకటి, పచ్చకణముల పొర యొకటి, ఒకదానిపై నొకటి పరచినట్లుండునని చూపెను. కణుపునందలి మొగ్గ ఆ పొరలను అన్నింటిని తనలో నిముడ్చుకొని పుట్టును గనుక, దానినుండి వచ్చిన కొమ్మ తల్లిని పోలియుండును. పసుపుపచ్చని యంచుగల పాముమొక్క సంగతి యిందుకు విరుద్ధమైన నిదర్శనము. దాని యాకును ముక్కలుగా కోసి నాటినను మొలచును. కాని పిల్ల పచ్చనిదే యగును, అంచు పోవును. ఏలయన ఆ పిల్ల ఆకు లోపలి పచ్చపొరనుండియే పుట్టును. అంచు కావలెనన్న భూమిలోని దుంపకాండమును పిల్లతోసహా విడదీసి నాటవలయును. చారల మొక్కలయందు కొమ్మను ఎన్నుకొనునప్పుడు ఆకును మాత్రమే చూడక, కాండపు చారను చూడుడు. మొగ్గయున్న ప్రక్క పచ్చ, తెలుపు రెండును కలిసి యున్నచో ఆ కొమ్మ శ్రేష్ఠము.

తెలుపునందు మోహము మన యిండ్లకే పరిమితము కాదు. న్యూజీలాండులో 2020 ఆగస్టునందు నాలుగాకుల చారల మొక్క యొకటి వేలమున 8,150 డాలర్లకు అమ్ముడుపోయినది. ధన మున్నవారు కొనుకొందురు; వారితో మనకు పని లేదు. కాని మొక్క నెరిగినవాడు తెలుపును మాత్రమే పోషింపడు. ఒక కొమ్మ పూర్తిగ పచ్చబారినచో, అది బలముతో పెరిగి తక్కినవానిని మ్రింగును గనుక, దానిని చారలున్న కణుపువరకు వెనుకకు కత్తిరించును. ఒక కొమ్మ పూర్తిగ తెల్లబారినచో, అది సోమరియై తక్కినవాని యన్నము తినును గనుక, దానినట్లే కత్తిరించును. రెండింటిని సరితూచి నిలుపుటయే అందలి నేర్పు.

ఇక ఆచరణము. పదునైన కత్తిని గాని కత్తెరను గాని శుభ్రపరచుకొని, కణుపునకు అరయంగుళము దిగువను కోయవలయును. కొమ్మకు రెండు కణుపులును, ఒకటి రెండాకులును ఉన్న చాలును. క్రిందికణుపువద్ద నున్న యాకును తీసివేసి, ఆ కణుపు మునుగునట్లు మాత్రమే నీరు పోయవలయును. నీటిలో మునిగిన యాకు కుళ్లి కొమ్మను గూడ కుళ్లజేయును. వెలుతురుండవలయును, మండుటెండ కూడదు. చీకటిమూలను ఉంచినచో చారలు మాసి ఆకులు పచ్చబారును. రెండు మూడు వారములలో వేళ్లు కనబడును. అవి రెండంగుళముల పొడవైన పిమ్మట ఎర్రమట్టి, ఇసుక, చివికిన పేడయెరువు కలిపిన కుండీలోనికి మార్చవలయును. మార్చిన తొలిదినములలో మట్టిని ఆరనీయరాదు. మన ప్రాంతములలో ఇందుకు తగిన కాలము వానకారు; గాలిలో తేమ యుండుటచే వేళ్లు లేని కొమ్మయు వాడక నిలుచును. వైశాఖపు వడగాలిలో ఎంతటి హస్తవాసి గలవారి కొమ్మయు వాడును.

మరి రెండు హెచ్చరికలు. సీసాలోని నీరు డెంగ్యూ జ్వరమును మోయు దోమకు ప్రియమైన పురిటిల్లు. గ్రుడ్డు దోమ యగుటకు సుమారు వారము పది దినములు చాలును. ఆ దోమ నీటియంచున సీసా గోడకు గ్రుడ్ల నంటించును. అవి ఎండియు నెలలకొలది బ్రతికి యుండగలవు. కావున వారమున కొకసారి నీరు మార్చుటయే గాక, సీసా లోపలిభాగమును తోమి కడుగవలయును. రెండవది: ఈ తీగ రసమున సూదులవంటి ఆక్సలేటు స్ఫటికములుండును; నమలినచో నోరును నాలుకయు మండి వాచును. ప్రాకు పసిబిడ్డలకును పెంపుడు జంతువులకును అందనిచోట నుంచవలయును. కోసిన పిమ్మట చేతులు కడుగుకొనవలయును.

ఆ యింట నేమి జరిగినదో చెప్పి ముందునకు పోయెదము. మేము ఆ కోడలినే కత్తెర పట్టుమంటిమి. మా యింటనుండి తెప్పించిన తీగను ఆమె కణుపు చూచి కోసి, సీసాలో నుంచెను. మూడు వారములకు వేళ్లు వచ్చినవి. అత్తగారు చూచి, "అది మీ చేతి చలువ మాస్టారూ" అనెను. నమ్మకము ఎంత నేర్పరియో చూడుడు! ఓడినప్పుడు కోడలి చేయి. గెలిచినప్పుడు మాస్టారి చేయి. మేము వాదింపలేదు. ఆ పిమ్మట రెండు నెలలు ఆ వీథికి పోలేదు. ఈలోపల ఆమె తానుగా మరి అయిదు కొమ్మలు కోసెను, నాలుగు బ్రతికినవి. వానిలో నొకదానిని అత్తగారు ముందుగదిలో, వచ్చినవారికి కనబడుచోట ఉంచెను. తాను మునుపన్న మాటను ఆమె వెనుకకు తీసికొనలేదు. కాని మరల అనలేదనియు, తులసికోటకు నీరు ఇప్పుడు కోడలే పోయుచున్నదనియు మా స్నేహితుడు చెప్పెను. సంతానమునకును తీగకును సంబంధము లేదు. అది వైద్యుడు చూడవలసిన విషయము. భార్యను మాత్రమే గాక భర్తను గూడ చూడవలసిన విషయము. ఈ మాటయు మేము మా స్నేహితునితో చెప్పితిమి. ఆయన వినెను.

ముందుగదిలోని తెల్లచారను వచ్చినవారందరు మెచ్చుకొందురు. దానికి అన్నము పెట్టు పచ్చభాగమును మెచ్చుకొనువారు లేరు. మన గృహములయందును అంతే. వంటింటి పొగలో నిలిచి ఇల్లంతటిని పోషించు చేతులనే, ఒక మొక్క వాడినప్పుడు, మంచివి కావని యందుము. తెలుపును ద్వేషింపుడని మేమనము. ఆ చారయందు సౌందర్యము కలదు. ఆ సౌందర్య మెవరి కష్టముపై నిలిచియున్నదో మరువవలదని మాత్రమే మా మనవి.

చివర నొక ప్రార్థన. శ్రావణమాసమున మన యిండ్లలో పేరంటములు జరుగును. నానిన సెనగలు, తాంబూలము, రవికెగుడ్డ వాయనముగ నిత్తురు. కొమ్మలు వేరూనుటకును ఆ వానకారే యనుకూలము. ఆషాఢమున కొన్ని కొమ్మలను కోసి సీసాలలో నుంచినచో శ్రావణమునకు వేళ్లతో సిద్ధముగా నుండును. వాయనముతోపాటు వేళ్లూనిన కొమ్మ నొకదానిని, అందు పచ్చయు తెలుపును సమముగా నున్నదానిని ఏరి, ఎట్లు పెంచవలయునో నాలుగు మాటలు చెప్పి, ఇత్తురుగాక. ఇచ్చినదానివలన మీ లక్ష్మి తరలిపోదు. మీ తీగ చచ్చినప్పుడు పొరుగింట దాని సంతతి యుండును, అడిగి తెచ్చుకొనవచ్చును. పసుపు కుంకుమలు ఇచ్చునప్పుడు ఆమె సుమంగళియా కాదా యని మనవారు చూతురు. ఆ యాచారము మారుదాక కొందరు స్త్రీలు గుమ్మము వెలుపలనే నిలిచియుందురు. కొమ్మ నిచ్చునప్పుడు ఆ విచారణ కేమి యవసరము? పొరుగింటి వితంతువునకు, పనిచేయు అమ్మకు, గొడ్రాలని పేరుపడిన పడుచునకు మొదట ఇండు. వారిచేతనే మీ యింట నాటింపుడు. కొమ్మ తన్ను నాటిన చేయి ఎవరిదని యడుగదు. కణుపు మునిగినదా, వెలుతురున్నదా, నీరు మార్చితిరా యని మాత్రమే యడుగును.